రక్తం మాత్రల వెనుక ఎల్లాప్రగడ సుబ్బారావు

డోన్‌లో ఏ మెడికల్ షాపులో అడిగినా రక్తం మాత్రలు ఇస్తారు. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని ల్యాబ్‌లో తయారు చేసిన టీమ్‌ను నడిపింది మన తెలుగువాడే.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు సోదరుణ్ణి బలి తీసుకుంది, ఆయన్నూ మంచాన పడేసింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు పెద్ద డిగ్రీ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1923లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిళ్లు పని చేశారు.

1940లో లెడర్లీ కంపెనీకి మారారు. 1945లో ఫోలిక్ యాసిడ్ తయారైంది. సోదరుణ్ణి మింగిన స్ప్రూకు అది మందయింది.

అయితే పెర్నీషియస్ అనీమియా దగ్గర చిక్కొచ్చింది. ఇందులో శరీరంలోని రక్షణ వ్యవస్థే పొట్ట కణాల మీద దాడి చేస్తుంది, దాంతో తిండిలోని బీ12 ఒంటికి పట్టదు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం పెరిగింది, కానీ వెన్నుపాము దెబ్బతినడం ఆగలేదు. రిపోర్టు బాగుంది, నడక మాత్రం తూలుతోంది! నరాలను కాపాడే బీ12ను వేరే కంపెనీలు 1948లో వేరు చేశాయి. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు.

ఈ చిక్కు ఇప్పటికీ ఉంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో అదే రక్షణ వ్యవస్థ నేరుగా మెదడు, వెన్నుపాము నరాల పొర మీద పడుతుంది. తిమ్మిర్లు, తూలడం రెండింటిలోనూ ఉంటాయి. బీ12 లోపం సాధారణంగా రెండు పాదాల్లో మెల్లగా మొదలవుతుంది. ఎంఎస్ ఎక్కువగా విడతలుగా వస్తుంది, ఒక కన్ను మసకబారొచ్చు, ఎంఆర్ఐలో మచ్చలు కనిపిస్తాయి. దీన్నే పోలిన ఎన్ఎంఓ ఇంకొకటి. ఎంఎస్‌కు వాడే కొన్ని మందులు దాన్ని ముదరబెడతాయి, అందుకే యాంటీబాడీ రక్తపరీక్ష చేస్తారు. బీ12 లోపానికైతే ఇంజక్షన్లు చాలు, ఆలస్యమైతే మాత్రం పోయిన పట్టు పూర్తిగా రాకపోవచ్చు.

గర్భిణులు రక్తం మాత్రలు మానాలని కాదు, అవి వాళ్లకు అవసరం. కాళ్ల తిమ్మిర్లు తగ్గనివాళ్లు మాత్రం షాపులో అడిగి మాత్రలు వేసుకుంటూ కూర్చోకుండా, డాక్టర్‌కు చూపించి బీ12 పరీక్ష చేయించుకోవాలి.