నాగరత్నమ్మగారు: నర్తకీలోకపు గౌరవము

నేడు నృత్యనాటకములకు గృహస్థులు సకుటుంబముగా నేగుచున్నారు. బాలికలకు నృత్యము నేర్పించుట గౌరవమని యెంచుచున్నారు. ఆంధ్ర కళావంతుల నృత్యమును గడచిన శతాబ్ది చివరి దశాబ్దమున శ్రీమతి స్వప్నసుందరిగారు విలాసినీనాట్యమను పేర రంగమున నిలిపిరి. చూచి హర్షించు సభ్యులు, ఆ కళను కాపాడిన స్త్రీలు పొందిన యవమానమునుగూడ నెరుగుట న్యాయము. దాని కెదురు నిలిచినవారిలో బెంగుళూరు నాగరత్నమ్మగారు అగ్రగణ్యులు.

1878లో మైసూరు సీమయందు దేవదాసీ కుటుంబమున జన్మించిన నాగరత్నమ్మగారు సంస్కృతాంధ్రములును, సంగీతనృత్యములును నేర్చి, మదరాసు సభలలో విశేషకీర్తి గడించిరి. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమునందలి గణిక ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును పరిష్కరించి, 1910లో వావిళ్లవారిచే ప్రకటింపించిరి. ముద్దుపళనిని కందుకూరి వీరేశలింగం పంతులుగారు అంతకుముందే నిందించియుండిరి. పురుషుడు వ్రాసిన శృంగారమునకు లేని దోషము స్త్రీ వ్రాసినంతనే యెట్లు కలిగెనని నాగరత్నమ్మగారు నిలదీసిరి. దొరతనమువారు గ్రంథమును నిషేధించిరి. ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రధానమంత్రులైన పిమ్మటగాని ఆ నిషేధము తొలగలేదు.

తిరువయ్యారున శిథిలమైయున్న త్యాగరాజస్వామివారి సమాధికి ఆమె తన సొమ్ము వెచ్చించి మందిరము కట్టించిరి. అక్కడి యారాధనమున స్త్రీలకు గానాధికారము లేకుండుటచే, 1927లో స్త్రీలను కూర్చి వేరుగ నుత్సవము జరిపించిరి.

డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీపద్ధతిని మాన్పింప బూనినపుడు, మదరాసు దేవదాసీల పక్షమున నాగరత్నమ్మగారు ప్రతివాదము చేసిరి. పసిబాలికలను గుడి కర్పించు నాచారము అనర్థహేతువు. 1947 చట్టము దానిని నిషేధించుట శ్రేయస్కరమే. అయినను దురాచారముపై వేయవలసిన వేటు స్త్రీలపైనను బడినది. పెండ్లిండ్లలో మేజువాణి పెట్టించి వినోదించిన శ్రీమంతుల మర్యాదకు లోటు రాలేదు. ఆడిన స్త్రీ మాత్రము పతితయైనది. ఆలయసేవయు, సభామర్యాదయు వారిని విడిచెను. వారి నృత్యము మాత్రము ఇతరుల కాలిగజ్జెలలో మ్రోగెను.

నాగరత్నమ్మగారు 1952లో పరమపదించిరి. ఆమె సమాధియు తిరువయ్యారుననే, త్యాగరాజస్వామివారి సన్నిధిని వెలసియున్నది. తన కులవిద్యను, స్త్రీజన్మను దాచకయే ఆమె ఆ స్థానము పొందిరి.

నృత్యసభలు నడుపు పెద్దలకు మాదొక మనవి. ప్రార్థనాగీతమునకు ముందు, ఆ పదము, ఆ యభినయము ఏ కళావంతురాలి యింట నిలిచి మనవరకు వచ్చెనో ఆమె పేరు సభకు చెప్పుడు. ఆమె ఋణము కొంతయైన దీరును.