లండన్‌లో మన హైదరాబాదు అమ్మాయి

భారత కోకిల సరోజినీ నాయుడు గారి పేరు తెలియని వాళ్ళు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. వక్తృత్వ పోటీల్లో ఆమె గురించి మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్న వాళ్ళమే మేమంతా. కాంగ్రెసు అధ్యక్షురాలైన తొలి భారతీయ మహిళ, తొలి మహిళా గవర్నరు అని గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్ళం. ఇంగ్లండులో చదివారు అన్నది మాత్రం ఒక్క వాక్యంలో దాటేసేవాళ్ళం. ఈ సంచికలో ఆ ఒక్క వాక్యం గురించే ఎక్కువ రాయాలనుకున్నాం.

నిజానికి హైదరాబాదులోనూ వాళ్ళది వలస వచ్చిన కుటుంబమే. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ గారిది బెంగాల్లోని విక్రమపురం ప్రాంతం. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఎడింబరోలో డాక్టరేటు చేసి వచ్చి నిజాం కొలువులో చేరారు, నిజాం కాలేజీకి పునాది వేసిన వారిలో ముఖ్యులు. తల్లి వరద సుందరీ దేవి బెంగాలీలో పాటలు రాసేవారు. సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టారు, ఎనిమిది మంది పిల్లల్లో పెద్ద. ఇంటి భాష ఒకటి, వీధి భాష ఇంకొకటి. తొమ్మిదేళ్ళప్పుడు ఇంగ్లీషు మాట్లాడనని మొండికేస్తే తండ్రి గదిలో పెట్టి తలుపు వేశారట. బయటికి వచ్చింది మొదలు తల్లిదండ్రులతో ఇంగ్లీషే మాట్లాడింది. తల్లి హిందుస్తానీలో పలకరిస్తే కూతురు ఇంగ్లీషులో జవాబు చెప్పేది. ఇంగ్లీషు పీరియడంటే కడుపునొప్పి తెచ్చుకున్న మాలాంటి వాళ్ళకు ఇది తమాషాగా ఉంటుంది. తల్లి సంగతి తలచుకుంటే కొంచెం బాధగానూ ఉంటుంది.

పన్నెండేళ్ళకే మద్రాసు మెట్రిక్యులేషన్ పాసయ్యారు. పదమూడేళ్ళప్పుడు ఆరు రోజుల్లో 1300 పంక్తుల కావ్యం ఇంగ్లీషులో రాశారు. దానికి పేరు కూడా స్కాట్ కవి ప్రసిద్ధ కావ్యం పేరే, లేడీ ఆఫ్ ది లేక్. డాక్టరు గోవిందరాజులు నాయుడు గారిని ఇష్టపడ్డారు. ఆయన వేరే ప్రాంతం, వేరే కులం. పెద్దలు ఒప్పుకోలేదు. ఇంతలో నిజాం ప్రభువు స్కాలర్‌షిప్పు ఇచ్చారు. 1895లో, పదహారేళ్ళ వయసులో, ఆమె ఓడ ఎక్కారు. మొదట లండన్ కింగ్స్ కాలేజీ, తరువాత కేంబ్రిడ్జిలోని గర్టన్ కాలేజీ. ఆరోగ్యం కుదురుగా లేక డిగ్రీ తీసుకోకుండానే 1898లో తిరిగి వచ్చారు.

ఆ మూడేళ్ళలో జరిగిన పెద్ద సంగతి ఒకటుంది. ఎడ్మండ్ గాస్ అనే పేరుమోసిన విమర్శకుడికి ఆమె తన కవితలు చూపించారు. ఛందస్సులో, భాషలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ కవితల నిండా ఇంగ్లండు పిట్టలు, ఇంగ్లండు పూలు, ఇంగ్లండు చర్చి గంటలు. గాస్‌కు నిరుత్సాహం కలిగింది. ఇవన్నీ చెత్తబుట్టలో వేసి, మీ దేశం గురించి మీ మనసుతో మళ్ళీ మొదలుపెట్టమని సలహా ఇచ్చారు. మన మండలంలోనే కొండవీడు కోట ఉండగా, ఎప్పుడూ చూడని మంచుకొండల మీద మేము వ్యాసం రాస్తే తెలుగు మాస్టారు ఏమంటారో గాస్ అదే అన్నారు. ఆమె విన్నారు. 1905లో లండన్‌లో హైన్‌మాన్ సంస్థ ది గోల్డెన్ థ్రెషోల్డ్ అచ్చువేసింది. ఆ పుస్తకాన్ని గాస్‌కే అంకితమిచ్చారు.

సలహా మంచిదే. అయితే దానికి రెండో వైపు కూడా ఉంది. తెల్లవాళ్ళలా రాస్తే అనుకరణ అంటారు. సరే, మనలా రాయాలి. కానీ మనం ఎలా ఉంటామో ఎవరు నిర్ణయిస్తారు? ఆ పుస్తకానికి పీఠిక రాసిన ఆర్థర్ సైమన్స్ ఆమె కళ్ళ గురించి, పట్టు బట్టల గురించి, వీపు మీద వేలాడే నల్లటి జుట్టు గురించి ముచ్చటగా రాశారు. లండన్ పాఠకుడికి కావలసిన తూర్పు దేశం అది. పాములవాళ్ళు, పల్లకీలు, నేతగాళ్ళు, పరిమళాలు. పరదేశం వెళ్ళి రాసేవాళ్ళకు ఈ చిక్కు నేటికీ తప్పలేదు.

పల్లకీ బోయీల మీద ఆమె కవిత చాలామంది చదివే ఉంటారు. లోపల కూర్చున్నామె ఎంత తేలికో చెప్పుకుంటూ బోయీలు సంతోషంగా పాడుకుంటూ పోతారు. నడక లయ అద్భుతంగా పట్టుకున్నారు, పైకి చదివితే మనమూ ఊగుతాం. కానీ మన తాతల్లో పల్లకీ ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు, మోసినవాళ్ళు ఉండవచ్చు. భుజాల కాయలు ఆ కవితలో ఎక్కడా కనపడవు. ఇది ఆమె మీద కోపంతో అంటున్న మాట కాదు. ఆమె కూర్చున్న చోటు నుంచి అవి కనపడలేదని మా అభిప్రాయం.

కవిత్వంలో ఎలా ఉన్నా బతుకులో ఆమె జంకలేదు. 1898 డిసెంబరులో మద్రాసులో బ్రహ్మసమాజ పద్ధతిలో గోవిందరాజులు గారిని పెళ్ళి చేసుకున్నారు. జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. 1908 మూసీ వరదల్లో చేసిన సేవకు ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలా బాగ్ తరువాత ఆమె దాన్ని తిప్పి పంపేశారు.

లండన్‌కు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. గాంధీగారిని మొదటిసారి కలిసింది 1914లో అక్కడే. 1919లో భారతీయ స్త్రీలకు ఓటు కావాలని అడగడానికి వెళ్ళారు. అప్పుడు ఎవరి సలహా ప్రకారమూ మాట్లాడలేదు. 1924లో తూర్పు ఆఫ్రికా వెళ్ళి మొంబాసాలో అక్కడి భారతీయుల మహాసభకు అధ్యక్షత వహించారు. అక్కడి నుంచి దక్షిణాఫ్రికా. భారతీయులను విడిగా పేటల్లో ఉంచే బిల్లు అప్పుడు చర్చలో ఉంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాలు చెరకు తోటలకు కూలికి పోయిన వారిలో తెలుగువాళ్ళూ ఎందరో ఉన్నారు. వాళ్ళ పిల్లలు, మనుమలు ఆ నేల మీదే పుట్టినా పరాయివాళ్ళే. వాళ్ళ పక్షాన ఆమె ఊరూరా మాట్లాడారు.

1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి మహిళల తరఫున లండన్ వెళ్ళారు. అదే సమావేశంలో మన బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా ఉన్నారు. ఆయన కూడా బరోడా మహారాజా స్కాలర్‌షిప్పుతో విదేశీ చదువు మొదలుపెట్టినవారే. ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో ఆమె గాంధీగారి వైపు నిలిచారు. మా మనసు అంబేద్కర్ గారి వైపే. ఇది దాచుకోవలసిన సంగతి కాదు.

ఆమె తమ్ముడు వీరేంద్రనాథ్ కూడా చదువుకని ఇంగ్లండు వెళ్ళారు. విప్లవకారుడై జర్మనీ, తరువాత రష్యా చేరి, 1937లో స్టాలిన్ ప్రభుత్వం చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఇంటికి తిరిగి రానేలేదు. ఒకే ఇంటి నుంచి వెళ్ళిన ఇద్దరిలో అక్క 1947లో సంయుక్త పరగణాల గవర్నరై, 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు.

1917 తరువాత ఆమె బతికుండగా కొత్త కవితా సంపుటి రాలేదు. దాచి ఉంచిన కవితలను కూతురు పద్మజ 1961లో అచ్చువేయించారు. హైదరాబాదులో నాంపల్లి స్టేషన్ రోడ్డులో వాళ్ళ ఇల్లు ఉంది. దాని పేరు కూడా గోల్డెన్ థ్రెషోల్డే, అంటే బంగారు గడప. 1974లో సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్న ఆ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు హైదరాబాదులో బస్సు దిగినప్పుడు ఒకసారి ఆ గడప కూడా చూసి రండి.