మస్తిష్క శోధకుడు వాల్టర్ డాండీ

ప్రకృతి మెదడును కపాలమనే గట్టి పేటికలో భద్రపరిచింది. ఆ రక్షణ కవచమే ఒకప్పుడు వైద్యులకు అడ్డుగోడ అయింది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న తరువాత విరిగిన ఎముక కంటికి కనిపించింది గాని, మెదడులోని కణితి కనిపించలేదు. మెదడు, కణితి, చుట్టూ ఉన్న ద్రవం ఆ కిరణాలకు దాదాపు ఒకే తీరుగా తోచడమే అందుకు కారణం. లక్షణాలను బట్టి ఊహించి కపాలం తెరిస్తే, అక్కడ కణితి దొరకని సందర్భాలు ఎన్నో! ఈ చీకటిని తొలగించడానికి పూనుకొన్న శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ.

ఆయన 1886లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, సెడేలియా పట్టణంలో ఒక రైల్వే ఉద్యోగి ఇంట జన్మించాడు. 1910లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొంది, సుప్రసిద్ధుడైన హార్వే కుషింగ్ వద్ద శిక్షణ పొందాడు. 1912లో కుషింగ్ బోస్టన్ నగరానికి తరలిపోతూ డాండీని వెంట తీసుకుపోలేదు. గురువు విడిచినా శిష్యుడు పరిశోధనను విడువలేదు. పిల్లల తలలో నీరు చేరే వ్యాధిపై కెనెత్ బ్లాక్‌ఫాన్‌తో కలిసి కృషి చేసి, మెదడు లోపలి కుహరాలలో ద్రవం ప్రవహించే తీరును వివరించాడు.

పేగులలోని గాలి ఎక్స్ కిరణ చిత్రాలలో స్పష్టంగా కనబడటం డాండీని ఆలోచింపజేసింది. ఆ ఆలోచనే 1918లో నూతన పద్ధతిగా రూపుదాల్చింది. కపాలానికి చిన్న రంధ్రం చేసి, సూదితో కుహరంలోని ద్రవాన్ని కొంత తీసి, దాని స్థానంలో గాలిని నింపి చిత్రం తీశాడు. కుహరం ఒక పక్కకు ఒరిగినా, నొక్కుకుపోయినా, మూసుకుపోయినా కణితి ఉనికి తెలిసిపోయేది. కణితి కనబడకున్నా, అది నెట్టిన ఖాళీ స్థలం దాని చిరునామా చెప్పింది.

ఈ పద్ధతి నిరపాయమైనది కాదు. రోగులు తీవ్రమైన తలనొప్పితో, వాంతులతో బాధపడేవారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. కుషింగ్ సైతం దీనిని శంకించాడు. అయినా గుడ్డిగా కపాలం తెరవడం కంటే ఇదే మేలని డాండీ విశ్వసించాడు. మెదడు నడిబొడ్డున, మూడవ కుహరంలో అరుదుగా పుట్టే కణితులను గుర్తించి తొలగించిన అనుభవాన్ని 1933లో గ్రంథస్థం చేశాడు.

డాండీ 1946లో తన అరవయ్యవ ఏట మరణించాడు. 1971లో లండన్‌లో, హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కానర్ తొలిసారిగా ఒక రోగి మెదడును చిత్రించింది. తరువాత ఎం.ఆర్.ఐ. కూడా రావడంతో గాలి నింపే పద్ధతి కనుమరుగైంది. పద్ధతి మారినా, కత్తి పట్టే ముందు కణితి చోటును కనిపెట్టి తీరాలన్న డాండీ పట్టుదల నేటికీ వైద్యులకు మార్గదర్శకమే.