ఆచార్య ఓటో వాలాక్

దేవాలయములలో హారతికి వెలిగించు కర్పూరము నేడు చాలవరకు కర్పూర వృక్షమునుండి వచ్చుట లేదు. సరళ వృక్షపు మానుకు గాటు పెట్టినచో కారెడు జిగురే దానికి మూలము. ఆ జిగురును బట్టీ పట్టగా టర్పెంటైన్ తైలము ఆవిరియై వేరుపడును. గుగ్గిలము వంటి గట్టి పదార్థము అడుగున మిగులును. ఆ తైలమే కర్మాగారములలో కర్పూరముగా మారుచున్నది. చెట్ల జిగురులకు, కర్పూరమునకు, నారింజతొక్కలోని పరిమళమునకు గల చుట్టరికమును లోకమునకు తేటపరచినవారిలో మొదట చెప్పదగినవాడు జర్మను రసాయనవేత్త ఓటో వాలాక్.

ఆయన 1847 మార్చి 27న ప్రష్యా దేశపు కోనిగ్స్‌బర్గ్ నగరమున జన్మించెను. తండ్రి ప్రభుత్వోద్యోగి. పోట్స్‌డామ్ పాఠశాలలో చదువుకొను దినములలో బాలుని మనస్సు సాహిత్యము మీదను, చిత్రకళా చరిత్ర మీదను నిలిచెను. రసాయన ప్రయోగములు ఇంటిలో తీరిక వేళల సాగుచుండెను. కళాభిమానము ఆయనను కడవరకు విడువలేదు.

1867లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. అచట వోలర్ మహాశయుని ప్రయోగశాల ఉదయము 7 గంటలకు తెరవబడి సాయంకాలము 5 గంటలకు గ్యాసు దీపములతో పాటు ముగియుచుండెను. మిగిలిన పని ఎవరికి వారు తెచ్చుకొన్న క్రొవ్వొత్తి వెలుతురున చేసికొనవలసినదే. వాలాక్ అట్లే శ్రమించి, రెండున్నర సంవత్సరములకే, 1869లో, డాక్టరు పట్టము పొందెను. మరుసటి యేడు బాన్ నగరమున ఆచార్య కెకులే కడకు పోయెను. ఫ్రాన్సుతో యుద్ధము వచ్చి సైన్యమున పని చేయవలసి వచ్చెను. తరువాత బెర్లినులో ఒక రసాయన కర్మాగారమున చేరెను గాని, అచటి విషవాయువులకు దేహము తాళలేదు. 1872లో తిరిగి బాన్ చేరి, అచటనే 1889 వరకు నిలిచెను.

1879లో ఔషధ శాస్త్ర బోధన ఆయనపై పడెను. అంతవరకు ఆయన పరిశోధనలు వేరు. బోధించుటకై ఔషధ ద్రవ్యములను, అందులోని సుగంధ తైలములను గూర్చి చదువవలసి వచ్చెను. కెకులే ప్రయోగశాలలో ఒక బీరువా నిండ ఇట్టి తైలముల సీసాలు ఏండ్ల తరబడి మూత విప్పకయే పడియుండెను. వానిని పరీక్షించుటకు వాలాక్ అనుమతి కోరెను. వానినుండి ఏమియు తేలదని కెకులే నమ్మకము. చేతనైనచో చేసి చూడుమని కొంత ఎకసెక్కముగానే అనుమతి యిచ్చెను. బెంజీను వలయమును ఊహించిన మహామేధావికి ఆ సీసాలు కనబడకపోవుట వింతయే. కాని ఆ నిరాశకు కారణము లేకపోలేదు.

ఆనాటి తికమక యిట్టిది. టర్పెంటైన్ పేరునుబట్టి టర్పీనులని పిలువబడు ఈ ద్రవములన్నిటి అణువులోను 10 కర్బన పరమాణువులు, 16 ఉదజని పరమాణువులు. మరుగు ఉష్ణోగ్రతలు దగ్గరదగ్గరగా నుండును. వేడికి, ఆమ్లమునకు ఒకటి మరియొకటిగ మారిపోవును. నిమ్మనుండి తీసినదానికి సిట్రీన్ అనియు, నారింజనుండి తీసినదానికి హెస్పెరిడీన్ అనియు, షాజీరానుండి తీసినదానికి కార్వీన్ అనియు పేర్లు. ఏ మొక్కకు ఆ మొక్క, ఏ శాస్త్రజ్ఞునకు ఆ శాస్త్రజ్ఞుడు కొత్త పేరు పెట్టుచుండిరి.

వాలాక్ ఎన్నుకొన్న మార్గము సరళము, కాని మిక్కిలి ఓర్పుతో కూడినది. ద్రవమును నమ్మక, దానిని బ్రోమిన్, ఉదహరికామ్లము, నైట్రోసిల్ క్లోరైడు మున్నగు వానితో కలిపి స్ఫటికములుగ మార్చెను. స్ఫటికమును శుద్ధి చేయవచ్చును. అది కరగు ఉష్ణోగ్రత దాని గుర్తు. సిట్రీన్, హెస్పెరిడీన్, కార్వీన్ మూడును ఒకటే యని తేలెను, అదియే లిమొనీన్. మరి డైపెంటీన్ సంగతి? లిమొనీన్ కాంతిని కుడికి త్రిప్పునది యొకటి, ఎడమకు త్రిప్పునది యొకటి కలదు. రెండింటి బ్రోమిన్ స్ఫటికములును 104 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గర కరగును. రెండు లిమొనీనులను సమపాళ్ళ కలిపినచో వచ్చు స్ఫటికము 125 డిగ్రీల దగ్గర కరగును. డైపెంటీన్ స్ఫటికము కరగునదియు అచటనే! అనగా డైపెంటీన్ వేరు పదార్థము కాదు, కుడి యెడమల జంట. ఇట్లు పదులకొలది పేర్లు పోయి, పినీన్, లిమొనీన్, కాంఫీన్ మున్నగు కొలది పేర్లు నిలిచెను.

ఈ విషయమున మొదటి వ్యాసము 1884లో వెలువడెను. రబ్బరును కాచగా వచ్చు ఐసొప్రీన్ అను పదార్థమున 5 కర్బనములు, 8 ఉదజనులు. టర్పీనులు ఇట్టి రెండు ముక్కల కూర్పని వాలాక్ 1887లో సూచించెను. తరువాతి కాలమున రుజిచ్కా ఈ భావమునే విస్తరించి, అడుగున మిగులు గుగ్గిలములోని ఆమ్లములకు కూడ అన్వయించెను. 1939లో నోబెల్ బహుమానము పొందెను. అన్నియు వాలాకే సాధించెననుట సరికాదు. కర్పూరపు అణునిర్మాణమును 1893లో బ్రెట్, పినీను నిర్మాణమును 1894లో వాగ్నర్ నిరూపించిరి. అయినను వారు పరీక్షించిన పదార్థములు ఏవో, ఎంత శుద్ధమైనవో తెలియుటకు వాలాక్ స్ఫటికములే ఆధారము.

1889లో గొట్టింగెన్ వారు ఆయనను పిలిచి, ఒకనాడు వోలర్ అలంకరించిన ఆచార్య పీఠమునే యిచ్చిరి. తన వ్యాసములను కూర్చి 1909లో టర్పీనులు, కర్పూరముల మీద గొప్ప గ్రంథము ప్రకటించెను. 1910లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. పరిమళ ద్రవ్యముల పరిశ్రమ అప్పటికే ఆయన ఫలితముల మీద నడచుచుండెను. అంతవరకు తైవాన్ అడవులనుండి జపానువారి గుత్తగ వచ్చు కర్పూరమును సెల్యులాయిడు తయారీదారులు ఎక్కువ వెలకు కొనవలసి యుండగా, జర్మనీలో పినీనునుండి దానిని చేయసాగిరి.

శిష్యులు పలు దేశములనుండి వచ్చిరి. ఇంగ్లండునుండి వచ్చిన హావర్త్ 1910లో ఆయన వద్దనే డాక్టరు పట్టము పొంది, 1937లో తానును నోబెల్ బహుమానము గ్రహించెను. అందరికిని అట్టి ఆయుష్షు దక్కలేదు. 1914లో మహాయుద్ధము మొదలయ్యెను. వాలాక్ సహాయకులలో ఆరుగురు రణరంగమున మడిసిరి. ఆయన వివాహమాడలేదు, సీసాలు చేతబట్టి కూడ నిలిచినవారే ఆయనకు ఆత్మీయులు. 1915లో పీఠమును వదలి విశ్రమించెను. ఆ స్థానమునకు విండౌస్ వచ్చెను. వాలాక్ అటుపిమ్మట పదునారేండ్లు జీవించి, 1931 ఫిబ్రవరి 26న, తాను క్రొవ్వొత్తి వెలుతురున చదువుకొన్న గొట్టింగెన్ నగరముననే కన్నుమూసెను.