నౌపడ చిన్నరైలును గుణుపురం చేర్చిన గజపతి

టెక్కలి: నౌపడ - గుణుపురం రైలుమార్గం పేరు చెప్పగానే ఈ ప్రాంతంలో పెద్దలు తలచుకునేది పర్లాకిమిడి రాజవంశాన్ని. ఆ మార్గాన్ని గుణుపురం దాకా పొడిగించిన మహారాజా కృష్ణచంద్ర గజపతి 1892లో జన్మించారు.

మద్రాసు - కలకత్తా ప్రధాన మార్గం పలాస, నౌపడల మీదుగా తీరం వెంబడి సాగిపోవడంతో పర్లాకిమిడి పట్టణం 25 మైళ్ల ఎడంగా ఉండిపోయింది. ఈ లోటు తీర్చేందుకు ఆయన తండ్రి గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో రెండున్నర అడుగుల గేజి లైను వేయించారు. 1900లో బండి నడిచింది. దారిలోని టెక్కలి, టెంబూరు, పాతపట్నం వాసులకూ రైలు సౌకర్యం కలిగింది. తొలి ఏళ్లలో నష్టాలే మిగిలినా బండి ఆపలేదు.

1913లో ఎస్టేటు బాధ్యత చేపట్టిన కృష్ణచంద్ర, లాభాలు కనిపించగానే లైనును వంశధార లోయలోకి రెండు దఫాలుగా పొడిగించారు. 1931 నాటికి బండి గుణుపురం చేరింది.

రౌండ్ టేబుల్ సమావేశంలో ఆయన ప్రత్యేక ఒరిస్సా కోసం వాదించారు. 1936లో ఆ రాష్ట్రం ఏర్పడగా పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది. టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. సరిహద్దు గీత పడినా బండి మాత్రం అటూ ఇటూ నడుస్తూనే ఉంది. 1937లో ఆయన ఒరిస్సా తొలి ప్రధాని అయ్యారు. అప్పట్లో అది నేటి ముఖ్యమంత్రి పదవి వంటిది. 1974లో దివంగతులయ్యారు.

చిన్నరైలు 2004లో నిలిచిపోగా, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజి వచ్చింది. నౌపడలో బండి మారే అవసరం లేకుండా పలాస వైపు నేరుగా రైళ్లు నడుస్తున్నాయి.