నక్షత్రాన్వేషి వైను బప్పు

ధూమకేతువు అంటే పొగనే పతాకంగా ధరించినది అని అర్థం. అది ఆకాశంలో పొడసూపితే రాజుకో, రాజ్యానికో కీడు మూడుతుందని పూర్వులు భావించేవారు. ధూమకేతువులు కూడా గ్రహాల వలెనే ప్రకృతి నియమాలకు లోబడి సంచరిస్తాయని తెలిసిన తరువాత ఆ భయం క్రమంగా తొలగిపోయింది. అటువంటి ఒక ధూమకేతువును తొలిసారి గుర్తించి, దానికి తన పేరును అందించిన శాస్త్రవేత్త హైదరాబాదులో పెరిగిన వైను బప్పు.

మనాలి కల్లాట్ వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన ఆ సంస్థ తరువాతి కాలంలో బేగంపేటకు తరలి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అంతర్భాగమయింది. దూరదర్శినుల నడుమ పెరిగిన బాలునికి నక్షత్రాలు చిన్ననాటనే ఆప్తమిత్రులయ్యాయి.

నిజాం కళాశాలలో చదివే రోజులలోనే ఆయన దృష్టి చరకాంతి నక్షత్రాలపై నిలిచింది. కాంతిలో హెచ్చుతగ్గులు కనబరిచే తారలే చరకాంతి నక్షత్రాలు. శీతకాలంలో దర్శి, మార్కాపురం ప్రాంతాల ఆరుబయట నిలిచి మామూలు కంటితో చూడదగిన ఆల్గాల్ తార ఇందుకు చక్కని ఉదాహరణ. దాని ముందుకు మరొక మసక తార అడ్డువచ్చినప్పుడు, అంటే సుమారు 2 రోజుల 21 గంటలకొకసారి, దాని వెలుగు మూడోవంతుకు తగ్గుతుంది. మరికొన్ని తారలు తామే ఉబ్బుతూ, కుంచించుకుపోతూ కాంతిని మార్చుకొంటాయి. ఈ మార్పులను గమనించేవారు మార్పులేని పొరుగు తారలతో పోల్చి, తేదీతో, సమయంతో సహా ప్రకాశాన్ని నమోదు చేస్తారు. ఒక్క రాత్రి పరిశీలన వలన తెలిసేది స్వల్పం. నెలల తరబడి సాగిన శ్రమ ఒక్క రేఖాచిత్రంగా రూపొందినప్పుడు గాని తార స్వభావం బయటపడదు. ఈ ఓర్పును బప్పు విద్యార్థి దశలోనే అలవరచుకొన్నారు.

హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో ఆయన 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ సంవత్సరం జులై 2వ తేదీ రాత్రి తీసిన ఆకాశ ఛాయాచిత్రంలో ఒక అపరిచిత ధూమకేతువు ఆయన కంటబడింది. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గార్డన్ న్యూకిర్క్ ఆ పరిశీలనను ధ్రువపరిచారు. నక్షత్రాల నడుమ ధూమకేతువు స్థానం రాత్రిరాత్రికీ మారుతుంది. వేర్వేరు రాత్రులలో కనీసం మూడు స్థానాలను కచ్చితంగా కొలిస్తే దాని కక్ష్యను గణించవచ్చు. ఈ ధూమకేతువు మరల రావడానికి సుమారు 60,000 సంవత్సరాలు పడుతుందని లెక్క తేలింది. అది బప్పు-బాక్-న్యూకిర్క్ ధూమకేతువుగా ప్రసిద్ధి చెందింది. ఈ ఆవిష్కరణకు ఆయన డోనహో ధూమకేతు పతకాన్ని అందుకొన్నారు.

1952లో డాక్టరేటు పొందిన పిదప ఆయన ఓలిన్ విల్సన్‌తో కలిసి పనిచేశారు. నక్షత్ర వర్ణపటంలోని ఒక కాల్షియం రేఖ వెడల్పును కొలిచి, ఆ తార అసలు ప్రకాశాన్ని అంచనా వేయవచ్చునని వారు నిరూపించారు. 1957లో ప్రకటితమైన ఈ ఫలితమే విల్సన్-బప్పు ప్రభావం.

విదేశాలలో ఉజ్జ్వల భవిష్యత్తు ఉన్నా బప్పు స్వదేశానికి తిరిగివచ్చారు. ఆధునిక పరిశోధనకు తగిన పెద్ద దూరదర్శిని అప్పటికి దేశంలో లేదు. నైనితాల్ వేధశాలకు పునాది వేసి, 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత స్వీకరించారు. తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరును ఎన్నుకొని, అక్కడ క్రొత్త వేధశాలను నిర్మించారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. దేశీయంగానే 2.34 మీటర్ల దర్పణంతో దూరదర్శినిని నిర్మించాలన్నది ఆయన జీవితాశయం. అది పూర్తికాకముందే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో ఆయన కన్నుమూశారు. శిష్యులు, సహచరులు ఆ పనిని నెరవేర్చారు. 1986లో ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు.

తాను గుర్తించిన ధూమకేతువు పునరాగమనాన్ని చూడలేనని బప్పుకు తెలుసు. తాను కలగన్న దూరదర్శినిలో నక్షత్రాలను చూసే భాగ్యమూ ఆయనకు దక్కలేదు. అయినా తరువాతి తరాలవారు చూడటానికి కావలసిన సాధనాలను ఆయన సమకూర్చి వెళ్లారు.