జడ్సన్ దొరగారి అడవి గుడిసె

బర్మా మిషనరీ అదోనిరామ్ జడ్సన్ దొరగారి చెరసాల శ్రమలు మన సంఘములలో చాలామందికి తెలుసు. తరువాతి సంగతి తక్కువగా చెప్పుకుంటాము.

1826 అక్టోబరులో, ఆయన ఆవాలో ఉండగా, భార్య ఆన్ అమ్మగారు ఆమ్హర్స్టులో మరణించారు. ఆరు నెలలకు రెండేళ్ల పాప మరియ కూడా పోయింది. ఆయన పని మానలేదు గాని క్రమేణా దేనియందూ రుచి లేకపోయింది. ఇష్టమైన చదువులు, స్నేహితులతో విందులు విడిచారు. 1828లో మౌల్మేను దగ్గర అడవిలో గుడిసెలో ఒంటరిగా ఉన్నారు. సమాధి త్రవ్వుకుని దాని ప్రక్కన కూర్చునేవారు. దేవుని నమ్మారు, ఆయన సన్నిధి మాత్రం తెలియలేదు. దీనిని అవిశ్వాసమనడం నాకు సమ్మతము కాదు, అది జబ్బు.

తేరుకోవడం మెల్లగా జరిగింది. 1830లో ప్రోము పట్టణానికి సువార్తకు వెళ్లారు. 1834 జనవరి 31న బర్మా బైబిలు అనువాదము ముగించారు. ఆ ఏప్రిల్‌లో సారా బోర్డుమన్ అమ్మగారిని వివాహమాడారు.